రిపోర్టు భయపెట్టింది సరే.. దస్తర్‌ఖాన్ మీద ఏం మారాలి?

ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్ అనుకుంటారు. పక్క గల్లీలోని మెడికల్ షాపు నుంచి ఒక గోలీ తెచ్చుకుని వేసుకుంటారు. తెల్లారి ఈసీజీ తీసిన డాక్టర్ ముఖం చూశాక గానీ సంగతి అర్థం కాదు. ఇంకొందరికి ఇదే కబురు వేరే దారిలో వస్తుంది. కాలికి తగిలిన చిన్న దెబ్బ నెల దాటినా మానదు. గల్ఫ్ వీసా కోసమో, ఇన్సూరెన్స్ పాలసీ కోసమో చేయించిన రక్తపరీక్షలో షుగర్ 240 అని వస్తుంది. చూస్తే వయసు నలభై కూడా ఉండదు.

ఆ రోజు నుంచి ఇంట్లో కర్ఫ్యూ మొదలు. అన్నం బంద్, గోష్త్ బంద్, చాయ్ బంద్. పొద్దున మెంతుల నీళ్లు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి కీరా ముక్కలు. మొదటి వారాల్లో బరువు గబగబా తగ్గుతుంది. అంతలో చుట్టాలింట్లో వలీమా వస్తుంది. "ఒక్క రోజుకేం కాదు భాయ్" అంటూ ప్లేటు నింపుతారు. ఆ ఒక్క రోజు నాలుగు రోజులవుతుంది. పండుగ దాటేసరికి పోయిన కిలోలు తిరిగొస్తాయి. రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోతుంది.

ఇలా జరిగితే చాలామంది తమకు పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. అసలు లోపం పద్ధతిలో ఉంది. భయం మీద నడిచే పథ్యం భయం ఉన్నన్నాళ్లే ఉంటుంది. ఇంటి వంట, ఇంటి సామాను చిట్టా, తినే వేళలు పాతవే ఉండి ఒక్కరి ప్లేటు మాత్రమే మారితే, ఆ ప్లేటు కూడా త్వరగానే పాత దారికి వస్తుంది.

ఇది ఒక ఇంటి కథ కాదు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వచ్చింది. దాని అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ జబ్బు ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని గుమ్మం దగ్గర, అంటే ప్రీడయాబెటిస్ దశలో ఉన్నారు. ఈ రెండో లెక్కలో ఉన్నవాళ్లకు వెనక్కి తిరిగే దారి బాగా తెరిచే ఉంది. మొదటి లెక్కలో ఉన్నవాళ్లలో కూడా కొందరికి ఉంది. అయితే ముందు రిపోర్టు చదవడం తెలియాలి.

రిపోర్టులో ఏం చూడాలి?

పరగడుపున చేసిన పరీక్షలో షుగర్ 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్. 126, ఆపైన ఉంటే షుగర్ జబ్బు. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన ముద్ర వేయరు, లక్షణాలు లేకపోతే రెండోసారి పరీక్ష చేసి నిర్ధారిస్తారు.

హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. ఇది 5.7 లోపు ఉండాలి. 5.7 నుంచి 6.4 వరకు హెచ్చరిక, 6.5 దాటితే జబ్బు. పరీక్షకు ముందు రెండు రోజులు స్వీట్ మానేసి దీన్ని మోసం చేయడం కుదరదు. కానీ రక్తహీనత ఉన్నవాళ్లలో ఈ అంకె సరిగా రాకపోవచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉండటం మామూలే కాబట్టి ఆ విషయం డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మూడో కొలతకు ల్యాబ్ అక్కర్లేదు. దర్జీ దగ్గర ఉండే టేపు చాలు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం మొదలైనట్టు. భారతీయులకు బీఎంఐ హద్దులు కూడా తక్కువే. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. యూరప్ వాళ్లకు ఇదే హద్దు 25, 30. అంటే చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన మనిషి "నేను లావు లేను కదా" అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

పొట్ట దగ్గరే ఎందుకింత గొడవ?

తిన్నదాంట్లో ఖర్చు కానిది కొవ్వుగా మారి దాచబడుతుంది. చర్మం కింద ఉన్న చోటు నిండాక అది కాలేయంలో చేరుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేసి, అవసరం లేకపోయినా రక్తంలోకి చక్కెర వదులుతూ ఉంటుంది. అక్కడి నుంచి కొవ్వు పాంక్రియాస్‌కు కూడా చేరుతుంది. ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే. దుకాణంలో సరుకు పేరుకుపోయి, గోదాము నిండి, చివరికి గల్లా పెట్టె దగ్గర కూడా నిలబడే చోటు లేకపోతే వ్యాపారం ఎలా ఆగిపోతుందో, శరీరంలోనూ అలాగే అవుతుంది.

మంచి కబురేంటంటే, బరువు తగ్గేటప్పుడు కాలేయంలోని కొవ్వు ముందుగా కరుగుతుంది. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లను అందులో తీసుకున్నారు. డాక్టర్ల పర్యవేక్షణలో బరువు తగ్గించగా ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే షుగర్ హద్దు కిందికి వచ్చారు. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లలో ఇది 86 శాతం. రెండో ఏడాదికి మొత్తం లెక్క 36 శాతానికి దిగింది. తగ్గడం ఒక ఎత్తు, తగ్గిన బరువును నిలుపుకోవడం ఇంకో ఎత్తు అని ఆ 36 చెబుతోంది.

ఎంత తగ్గితే చాలు?

బరువు తగ్గడం అనగానే చాలామందికి గాయకుడు అద్నాన్ సమీ గుర్తొస్తారు. 'వర్షం', 'జులాయి' సినిమాల పాటలతో తెలుగువాళ్లకూ దగ్గరైన మనిషి. ఒకప్పుడు దాదాపు 230 కిలోలు ఉండేవారు. ఇలాగే ఉంటే ఆరు నెలలకు మించి బతకడం కష్టమని డాక్టర్ చెప్పారని, తండ్రి పట్టుబట్టడంతో అమెరికాలోని హ్యూస్టన్ వెళ్లానని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. నిపుణుల పర్యవేక్షణలో తిండి మొత్తం మార్చుకుని వంద కిలోలకు పైగా తగ్గారు.

ఆయన కథ ధైర్యం ఇస్తుంది. కానీ అందరికీ కావాల్సిన లెక్క అంత పెద్దది కాదు. ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగిన పరిశోధన 2002లో వెలువడింది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం అందులో లక్ష్యాలు. ఆ బృందంలో షుగర్ వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన 2006లో వచ్చింది. అక్కడ తిండి, నడక మార్చుకున్నవాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు, అయినా ప్రమాదం 28 శాతానికి పైగా తగ్గింది. కాబట్టి తూకం ముల్లు కదలడం లేదని అన్నీ వదిలేయడం తెలివైన పని కాదు.

84 కిలోల బరువు, 168 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మనిషిని లెక్కలోకి తీసుకుందాం. బీఎంఐ దాదాపు 30 వస్తుంది. 7 శాతం అంటే 6 కిలోలు. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే మొదట్లో వారానికి సుమారు అర కిలో తగ్గుతుంది, తర్వాత వేగం మందగిస్తుంది. నాలుగైదు నెలల్లో అందుకోగలిగే లక్ష్యమే ఇది. దీనికి ఉపవాసాలు అక్కర్లేదు. లెక్క ఎక్కడ తప్పుతోందో చూసుకుంటే చాలు.

చాయ్ లెక్క, నూనె లెక్క

చాలా ఇళ్లలో బిర్యానీని ముద్దాయిని చేస్తారు. వారానికి ఒకసారి వచ్చే బిర్యానీ కన్నా రోజుకు ఐదుసార్లు వచ్చే చాయ్ ఎక్కువ నష్టం చేస్తుంది. కప్పుకు రెండు చెంచాలంటే 8 నుంచి 10 గ్రాముల చక్కెర. ఐదు కప్పులకు 40 నుంచి 50 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్, 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు చక్కెర 20 నుంచి 25 గ్రాములు దాటకూడదు. అంటే బిస్కెట్ ముట్టకముందే, కూల్‌డ్రింక్ తాగకముందే రెండు రోజుల కోటా అయిపోయింది. అన్నట్టు 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో కూడా దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది.

ఐదు చాయ్‌లు రెండుకు దించి, అవి కూడా చక్కెర లేకుండా తాగితే ఒక్క చక్కెర లెక్కలోనే రోజుకు 160 నుంచి 200 కేలరీలు మిగులుతాయి. ఒకేసారి మానలేకపోతే వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకోవచ్చు. నాలుక నెమ్మదిగా అలవాటు పడుతుంది. చక్కెర బదులు తేనె, బెల్లం వేసుకుంటే షుగర్ పెరగదనుకోవడం పొరపాటు. తేనెలో షిఫా ఉందన్న నమ్మకం వేరు, చెంచాల కొద్దీ చాయ్‌లో కలపడం వేరు.

రెండో లెక్క నూనె. ఎన్ఐఎన్ రోజుకు 2000 కేలరీల భోజనానికి చెప్పిన నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు 3.24 కిలోలు, అంటే మూడున్నర లీటర్లు. ఇంటి సామాను చిట్టా తీసి చూడండి. డాల్డా, నెయ్యి, బయట నుంచి వచ్చే సమోసాలు, లుఖ్మీలు కూడా ఇందులోనే రావాలి. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. సాలన్ మీద తేలే నూనె అందంగా ఉంటుంది, కానీ ఆ అందం ఖరీదు అది. డబ్బా వంచి పోయడం మానేసి చెంచాతో కొలిచి పోయడం మొదలుపెడితే, రుచి పెద్దగా మారకుండానే ఖర్చు, కొవ్వు రెండూ తగ్గుతాయి.

ప్లేటులో ఎవరి చోటు ఎంత?

అదే సంస్థ చెప్పిన ప్లేటులో రోజు మొత్తానికి బియ్యం, గోధుమలు, జొన్నల్లాంటివి కలిపి 250 గ్రాములు (వండకముందు తూకం). కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు. పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు.

మన దస్తర్‌ఖాన్ మీద ఈ వరస తలకిందులుగా ఉంటుంది. అన్నం కొండలా ఉంటుంది, గోష్త్ దాని మీద కూర్చుంటుంది, కూరగాయ అంటే పక్కన నాలుగు ఉల్లిపాయ ముక్కలు. చికెన్ కర్రీ ఉన్న రోజు ఇంకో కూర ఎందుకు అంటారు. మార్పు ఇక్కడి నుంచే రావాలి. అదృష్టం ఏంటంటే, కావాల్సిన వంటలు మనకు కొత్తవేం కావు. తోటకూర గోష్త్, మేథీ ఖీమా, పాలక్ దాల్, దోడ్కా గోష్త్ నానీమా కాలం నుంచీ ఉన్నవే. అర కిలో గోష్త్‌లో ముప్పావు కిలో బీరకాయ పడితే అది పథ్యం కూరలా ఉండదు, ఇంటి కూరలాగే ఉంటుంది. ఇల్లంతా తింటారు.

తినే వరస కూడా పనిచేస్తుంది. ముందు కూరగాయలు, గోష్త్ లేదా గుడ్డు తిని, అన్నం చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ పెరుగుదల తక్కువగా ఉంటుందని పరిశోధనలు చూపించాయి. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడవడం కూడా అంతే. రాత్రి పదకొండుకు తిని పన్నెండుకు పడుకునే ఇళ్లలో భోజనాన్ని ఇషా నమాజ్‌కు ముందుకు జరిపితే మస్జిద్‌కు నడిచి వెళ్లి రావడమే ఆ నడక అవుతుంది.

దావత్‌లో ఏం చేయాలి?

పెళ్లిళ్ల సీజన్‌లో వారానికి రెండు మూడు దావత్‌లు తప్పవు. ఆకలితో వెళ్లడం మొదటి తప్పు. ఇంట్లో ఒక గుడ్డో, గిన్నెడు పెరుగో తిని వెళ్తే చెయ్యి అదుపులో ఉంటుంది. అక్కడ బిర్యానీనా, నాన్-నహారీనా, ఖుబానీ కా మీఠానా.. ఏదో ఒక్కటి ఎంచుకుని తృప్తిగా తినాలి. మూడూ రుచి చూడబోతేనే లెక్క తప్పుతుంది.

వడ్డించేవాళ్లకూ ఒక మాట. మెహ్మాన్‌నవాజీ మన గౌరవం. అయితే ఒక మనిషి చేయి అడ్డం పెట్టాక కూడా బలవంతంగా వడ్డించడం గౌరవం కిందికి రాదు. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్లకు, మూడో వంతు ఊపిరికి వదలాలన్న హదీస్ మన బయానుల్లో ఎన్నోసార్లు వింటాం. వినిపించాల్సింది దావత్ హాల్లో కూడా.

ఆడవాళ్ల రిపోర్టు ఎక్కడ?

ఇంట్లో మగవాళ్లకు స్టెంట్ పడితే మర్నాటి నుంచి వేరే వంట మొదలవుతుంది. ఆ వంట చేసేది భార్యో, తల్లో, కోడలో. వాళ్లు మాత్రం అందరూ తిన్నాక మిగిలిన అన్నం, పిల్లలు వదిలేసిన పరాఠా ముక్కలు "పారేస్తే గునాహ్" అని తినేస్తారు. వాళ్ల షుగర్ ఎప్పుడు చూశారని అడిగితే చివరి కాన్పు అప్పుడు అంటారు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి పోయిన ఆడవాళ్లకు తర్వాతి ఏళ్లలో అది తిరిగి వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువ. వాళ్లు క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఇరుకు గల్లీల్లో ఆడవాళ్లకు నడిచే చోటు దొరకడం కూడా కష్టమే. దాబా మీద పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట నడిచినా రోజుకు అరగంట అవుతుంది. వారానికి ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాల లెక్క సరిపోయింది. ఇంట్లో ఒకరికి జబ్బు బయటపడిన రోజే ఇంట్లో పెద్దవాళ్లందరికీ పరీక్ష చేయించడం మంచిది. వంట అందరిదీ ఒకటే కాబట్టి ప్రమాదం కూడా అందరిదీ. జంటనగరాల్లోని బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగానే చేస్తారు.

ఇవి మాత్రం సొంతంగా చేయొద్దు

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి గోలీలు గానీ, ఇన్సులిన్ గానీ వాడుతూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. అందుకే తిండి మార్చే ముందు డాక్టర్‌కు చెప్పి మందు మోతాదు సరిచేయించుకోవాలి. ఇక గుండెకు స్టెంట్ పడినవాళ్లు బరువు తగ్గింది కదా అని రక్తం పలచబడే గోలీలు, కొలెస్ట్రాల్ గోలీలు ఆపకూడదు.

ప్రయత్నం ఏమీ చేయకుండానే బరువు తగ్గుతుంటే సంతోషించకండి. అదుపులో లేని షుగర్, క్షయ, థైరాయిడ్, క్యాన్సర్ లాంటివి కూడా బరువు తగ్గిస్తాయి. మరీ వేగంగా తగ్గితే కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది.

2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. అవి ఆకలిని తగ్గించే మందులు, పనిచేస్తాయి కూడా. కానీ డాక్టర్ చీటీ మీదే వాడాలి. ఆపేశాక చాలామందికి బరువు తిరిగి వస్తుంది కాబట్టి తిండి అలవాటు మారకుండా వాటి మీద డబ్బు పోస్తే చివరికి లెక్క మొదటికే వస్తుంది. ఏముందో రాయని పౌడర్ డబ్బాల జోలికి అసలు వెళ్లొద్దు.

రంజాన్ వస్తే?

రోజా ఉంటే బరువు దానంతట అదే తగ్గుతుందనుకుంటారు. ఇఫ్తార్‌లో పకోడీలు, షర్బత్, ఆ తర్వాత హలీమ్, అర్ధరాత్రి మళ్లీ బిర్యానీ అయితే పెరుగుతుంది. ఒకటి రెండు ఖర్జూరాలు, నీళ్లతో విప్పి, మగ్రిబ్ తర్వాత మామూలు భోజనం చేస్తే చాలు. హలీమ్ తిన్న రోజు అదే భోజనం అనుకోవాలి, భోజనానికి ముందు టిఫిన్ కాదు.

షుగర్ మందులు వాడేవాళ్లు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవాలి. రోజాలో ఉండగా షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విప్పాలన్నది వైద్యుల సూచన. వేలి నుంచి రక్తం తీసి పరీక్ష చేసుకుంటే రోజా పోదని ఉలమాలు చెబుతూనే ఉన్నారు. జబ్బు ఉన్నవాళ్లకు షరియత్‌లో రుఖ్సత్ ఉన్నది ఇందుకే.

మూడు నెలల తర్వాత

మొదటి నెల తగ్గినంత వేగంగా మూడో నెల బరువు తగ్గదు. శరీరం చిన్నదయ్యే కొద్దీ దానికి కావాల్సిన కేలరీలు కూడా తగ్గుతాయి. చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. ఈ దశలో తూకం వారానికి ఒక్కసారే చూసుకోవాలి. నెలకోసారి నడుము కొలవాలి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించాలి. 6.3 ఉన్న అంకె 5.9కి వస్తే తూకంలో రెండు కిలోలే తగ్గినా అది గెలుపే.

ఒక రోజు లెక్క తప్పితే మర్నాడు ఉపవాసం ఉండక్కర్లేదు. తర్వాతి పూట మామూలు ప్లేటుకు తిరిగి వస్తే సరిపోతుంది. ఈ నెల సామాను చిట్టా రాసేటప్పుడు నూనె ఒక లీటరు, చక్కెర ఒక కిలో తగ్గించి, ఆ డబ్బుతో కూరగాయలు, గుడ్లు, పెసలు రాసుకోండి. ఇంట్లో అందరి తిండీ మారేది ఆ కాగితం మీదే.